ఆరు బటర్ ప్యాకెట్లూ, ఒక ప్రార్థనా

చూడకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది సువార్త. కానీ చూసేసింది. మారేడ్‌పల్లిలోని ఆ సూపర్ మార్కెట్లో, మే నెల మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా, పాల ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి ఒక లావుపాటి మనిషి లాల్చీ పైకెత్తి బటర్ ప్యాకెట్లు నడుం చుట్టూ దోపుకుంటున్నాడు. ఒకటా రెండా, ఆరు. అన్నీ అరకిలోవి. ఆఖరిది వెన్ను వైపు దోపాక చలికి ఒక్కసారి ఒళ్ళంతా జలదరించింది పాపం. ఆ తర్వాత లాల్చీ దించుకుని, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా నింపాదిగా నడిచి వెళ్ళాడు.

ఇదివరకైతే సువార్త అక్కడికక్కడే నిలదీసేది. రెండేళ్ళుగా ఆ షాపులో పనిచేస్తోంది, ఆ పనంటే ఆమెకు ప్రాణం. కళ్ళకు గంతలు కట్టినా ఏ అరలో ఏముందో చెప్పగలదు. కానీ పోయిన నెల ఇలాగే ఒకడి కాలర్ పట్టుకున్న లక్ష్మణ్‌కి అరచేతిలో బ్లేడు దిగి అయిదు కుట్లు పడ్డాయి. మర్నాడే మేనేజర్ జయకృష్ణ గోడ మీద కాగితం అంటించాడు. ఎవరినీ ముట్టుకోవద్దు, దొంగ అనే మాట అనొద్దు, వెంటపడొద్దు. అనుమానం వస్తే కెమెరా చూడాలి. పాల ఫ్రిజ్ దగ్గరి కెమెరా చెడిపోయి పది రోజులైందని మాత్రం ఆ కాగితంలో రాయలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పోయిన శుక్రవారం ఒకావిడ చీర కింద నడుం దగ్గర ఎత్తుగా కనబడితే, సువార్త వెనకనుంచి వెళ్ళి, "అందులో ఏమున్నదో చూపియ్యండి మేడమ్" అంది. ఆవిడ ఇటు తిరిగారు. చూస్తే తమ చర్చికే వచ్చే రిటైరైన టీచరు కాంతమణి గారు. చీర కింద ఉన్నది నడుంనొప్పి బెల్టు. నలుగురిలో తల తీసేసినట్టయి ఆవిడ ఫిర్యాదు రాసిచ్చారు. జవాబు కోసం ఇవ్వాళ నాలుగింటికి వస్తానన్నారు.

"ఆమె ఏమంటే అదే," అన్నాడు జయకృష్ణ పొద్దున్నే. "లెటర్ టైప్ చేయించి పెట్టిన. ఆమె వద్దంటే నువ్వు రేపటికెళ్ళి రావద్దు."

అలాంటి రోజున మళ్ళీ ఒకరి నడుం వంక వేలు చూపించడమా? సాక్ష్యం లేదు. ఆ మనిషేమో అగ్గిపెట్టె ఒకటి కొని, బిల్లు వేయించుకుని, ద్వారం దగ్గర సెక్యూరిటీ బిక్షం చేత ఆ బిల్లుకు చిల్లు కూడా పొడిపించుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే రోడ్డు మీదుంటాడు.

సువార్త కాళ్ళు ఆమెను అడక్కుండానే పరిగెత్తి అతని ముందు నిలబడ్డాయి.

"అన్నా, పానం మంచిగున్నదా? గజగజ వణుకుతున్నరు," అంది నవ్వు ముఖం పెట్టుకుని.

అతని చెయ్యి చటుక్కున జేబులోకి వెళ్ళింది. లక్ష్మణ్ అరచేయి కళ్ళ ముందు మెదిలి సువార్త ఊపిరి బిగబట్టింది. జేబులోంచి రుమాలు వచ్చింది. అతను ముఖం తుడుచుకుని, "కడుపునొప్పి చెల్లె," అన్నాడు పొట్ట పట్టుకుని. పొట్ట కరకరమంది.

సరిగ్గా అప్పుడే గాజు తలుపు తోసుకుని, గొడుగు మడుస్తూ కాంతమణి గారు లోపలికొచ్చారు. సువార్తకు ఉన్నట్టుండి కిందటేడు చర్చిలో జరిగిన స్త్రీల సమాజం కూటం గుర్తొచ్చింది. ఆ రోజు భోజనానికి ముందు చిన్న ప్రార్థన చేయమని కాంతమణి గారిని అడిగారు. ఆవిడ ఆమెన్ అనేసరికి బిర్యానీ చల్లారి గడ్డకట్టింది.

"ఆంటీ గారూ, ఈ అన్నకు కడుపు నొస్తున్నదంట. జెర ప్రార్థన చేస్తరా?"

కాంతమణి గారు సువార్తను కాల్చేసేలా చూశారు. తిట్టడానికి దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చిన మనిషి. కానీ ప్రార్థన చేయమని అడిగితే కాదన్న పాపాన ఆవిడ ఎన్నడూ పోలేదు. గొడుగు బిక్షం చేతికిచ్చి కొంగు తల మీదికి లాక్కున్నారు.

"నీ పేరేమిటి నాయనా?"

"యాదగిరి. నాకు టైం లేదమ్మా, బండి కాడ ఎవరు లేరు."

"నొప్పితో ఎక్కడికి పోతావు? కళ్ళు మూసుకో. ఇంట్లో ఎవరెవరున్నారు?"

జాలి పుడితే తొందరగా వదిలేస్తారనుకున్నాడు కాబోలు, యాదగిరి భార్యనూ, ఇద్దరు ఆడపిల్లలనూ, మోకాళ్ళు పట్టేసిన అత్తనూ, ఆటో నడిపే బామ్మర్దినీ వరసగా చెప్పాడు. అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి లేదు. కాంతమణి గారు ఒక్కరినీ వదిలే రకం కాదు.

ప్రార్థన లోకం పుట్టుక దగ్గర మొదలైంది. ఆ ద్వారం పడమటి వైపుంటుంది, ఏసీ గాలి అక్కడిదాకా రాదు, ఎండ గాజులోంచి నేరుగా యాదగిరి మీద పడుతోంది. ట్రాలీలు పక్కన పెట్టి ఇద్దరు ఆడవాళ్ళు చేతులు జోడించారు. బోయిన్‌పల్లి నుంచి వచ్చిన రిటైర్డ్ సుబేదారు టోపీ తీశాడు. బిక్షం గొడుగుతో సహా కళ్ళు మూసుకున్నాడు. యాదగిరికి పోదామంటే దారి లేదు, ఉందామంటే వెన్న ఊరుకోదు.

పది నిమిషాలకు ప్రార్థన అత్త మోకాళ్ళ దగ్గరికొచ్చింది. యాదగిరి లాల్చీ మెరవడం మొదలెట్టింది. ఇరవై నిమిషాలకు బామ్మర్ది ఆటో టైర్లు క్షేమంగా ఉండాలని వేడుకుంటుండగా, పైజామా అంచునుంచి పసుప్పచ్చని చుక్క ఒకటి చెప్పు మీద పడింది. దాని వెనకే ఇంకోటి. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని సువార్తకు తెలుసు. అయినా ఒక కన్ను తెరిచే ఉంచింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళ భయమంతా ఆ నవ్వులో కొట్టుకుపోతున్నట్టు ఒళ్ళు తేలికైపోయింది.

"ఆమెన్," అన్నారు కాంతమణి గారు.

"ఆమెన్," అని అందరికంటే గట్టిగా అని యాదగిరి ఒక్క అడుగు వేశాడు. తన వెన్న మీద తనే జారాడు. సువార్త ఇంకేమీ ఆలోచించలేదు. రెండు చేతులతో అతని భుజం పట్టుకుని ఆపింది. లాల్చీ కిందినుంచి మెత్తబడ్డ ప్యాకెట్లు రెండు టపటపా రాలాయి.

"సువార్తా, ముట్టుకోవద్దని చెప్పిన్నా లేదా?" లెటర్ చేతిలో పట్టుకుని జయకృష్ణ వెనకనే నిలబడి ఉన్నాడు.

కాంతమణి గారు నేల వంక చూశారు, సన్నబడిన యాదగిరి పొట్ట వంక చూశారు, చివరికి సువార్త వంక చూశారు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసాంటీ."

"మరి ఇతన్ని అడగలేదేం, నన్ను అడిగినట్టు?"

"మిమ్మల్ని అడిగినంకనే బుద్ధొచ్చింది," అంది సువార్త. "ఆ రోజు తప్పు నాదే. మన్నించండి ఆంటీ."

కాంతమణి గారి పెదవులు వణికాయి. కోపమేమో అనుకుని బిక్షం వెనక్కి జరిగాడు. కానీ ఆవిడ నవ్వుతున్నారు. నడుం బెల్టు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. మిగిలిన నాలుగు ప్యాకెట్లూ తీసి బల్ల మీద పెడుతూ, "నొప్పి తగ్గిందమ్మా," అన్నాడు యాదగిరి తల వంచుకుని. బిక్షం అతని చేతిలో తుడుపు కర్ర పెట్టాడు.

"ఆ కాగితమేమిటి బాబూ?" అడిగారు కాంతమణి గారు.

"ఈమెను తీసేసే లెటర్ మేడమ్. మీరు ఏమంటే అదే."

"అంత పెద్ద విషయం ఊరికే ఎలా చెప్తాను? ప్రార్థన చేసి చెప్తాను. కళ్ళు మూసుకోండి."

జయకృష్ణ గడియారం చూశాడు. బయట ఎండలో ద్వారం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూస్తున్న జనాన్ని చూశాడు. ఆవిడ కొంగు తల మీదికి వెళ్ళేలోపే లెటరు నాలుగు ముక్కలైంది.

"చింపేశారా? సంతోషం," అన్నారు కాంతమణి గారు, సువార్త చెయ్యి తన చేతిలోకి తీసుకుని. "అయితే కృతజ్ఞతా ప్రార్థన చేద్దాం."

తుడుపు కర్ర పట్టుకునే యాదగిరి అందరికంటే ముందు కళ్ళు మూసుకున్నాడు. సువార్త ఈసారి రెండు కళ్ళూ మూసుకుంది.