కండక్టరు బాబాయి చెప్పిన దారి

వీధిలో అందరూ ఆవిడను పళ్ళావిడ అంటారు. కొత్తగా దిగినవాళ్ళు ఆ పేరు విని, చేతిసంచితో వచ్చి బత్తాయిలున్నాయా అని అడుగుతుంటారు. ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. ఇరవై ఏళ్ళుగా ముందు గదిలో కూర్చుని, మైనం కరిగిస్తూ, ఊళ్ళోవాళ్ళ నోళ్ళకు కొలతలు సరిచూస్తూ గడిపింది. నలభై నాలుగో ఏట ఆవిడకు, సైకిలుకు సంచులు కట్టుకుని ఒక్కతే సముద్రం దాకా వెళ్ళాలని బుద్ధి పుట్టింది.

దారి తనే గీసుకుంది. కొండల మీదుగా రెండు రోజులు, రోజుకు తొంభై కిలోమీటర్లు. పటాన్ని పనిబల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పళ్ళ సెట్లు బరువు పెట్టి, పక్కింట్లో ఉండే బాబాయిని పిలిచింది. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి.

బాబాయి కళ్ళజోడు సవరించుకుని, ఎర్ర గీత వెంట వేలు నడిపి, సగంలో ఆపాడు.

"ఇక్కడ బస్సే మొదటి గేర్లో మూలిగేదమ్మా. కుర్రాళ్ళు దిగి పక్కన నడిచి, పైన మళ్ళీ ఎక్కేవాళ్ళు."

"పటంలో మామూలు రోడ్డులాగే ఉంది కదా బాబాయ్."

"కాగితానికి ఎత్తుపల్లాలుంటాయా?" ఆయన వేలు కిందికి జారి నది కరకట్ట మీద ఆగింది. "ఇలా పో. అంతా చదును, పైగా దగ్గర దారి. రోజుకు నలభై, మూడు రోజులు. పక్కనే రైలు పట్టాలు, ఇరవై కిలోమీటర్లకో స్టేషను. కాళ్ళు మొరాయిస్తే సైకిలుతో సహా ఎక్కెయ్."

"రోజుకు నలభయ్యా? దానికన్నా నన్ను మూటగట్టి పార్సిల్ చేసెయ్ బాబాయ్."

"సరే, నా మాట వద్దు. సామానంతా కట్టుకుని గుట్ట మీద నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి రా. నాలుగు కిలోమీటర్లేగా."

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. మొదటి మలుపు దాకా మహారాణిలా తొక్కింది. రెండో మలుపులో ఊపిరి గొంతులోకొచ్చింది. మూడో మలుపులో దిగి సైకిలు తోస్తుంటే, పొద్దుటి నడకకు వచ్చిన ఇద్దరు ముసలాళ్ళు కబుర్లు ఆపకుండానే ఆవిడను దాటిపోయారు. వాళ్ళలో ఒకాయన వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ పళ్ళు తను చేసినవే.

ఇంటికొచ్చి, "కరకట్టే," అంది. బాబాయి నవ్వకుండా సంచులు విప్పడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వినా బాగుండేదనిపించింది ఆవిడకు.

"ఈ మడత కుర్చీ ఎందుకు?"

"కూర్చోడానికి."

"సైకిలుకు సీటుందిగా."

కుర్చీ ఇంట్లో ఉండిపోయింది. దాంతోపాటు మూడు జతల చెప్పుల్లో రెండు కూడా.

మొదటి రోజు నలభై కిలోమీటర్లు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. లాడ్జిలో గది ఇంకా తుడవనేలేదు. మెట్ల మీద కూర్చుని, ఇంకో యాభై తొక్కేదాన్నే అని బాబాయిని మనసులోనే కాసేపు దెప్పింది.

రెండో రోజు ఎదురుగాలి. చదును రోడ్డు మీద గాలికి అడ్డేమీ ఉండదని బాబాయి చెప్పలేదు. బస్సులో తిరిగిన మనిషికి ఆ సంగతి తెలిసే వీలు లేదు. ఎంత తొక్కినా అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ చిమ్నీ ఒకటి కదలకుండా పక్కనే నిలబడి ఉంది. ఇరవై కిలోమీటర్లకు నాలుగు గంటలు పట్టాక స్టేషను వచ్చింది. బెంచీ మీద కూర్చుని రెండు అరటిపళ్ళు తింది. రైలెక్కితే ఓడినట్టేనా అని ఆలోచించింది. ఆ ఆలోచన తెగేలోపే రైలొచ్చింది. సైకిలు ఎక్కించడానికి పోర్టరు చెయ్యేశాడు. కిటికీలోంచి చూస్తే గాలికి గడ్డి నేలకు వంగిపోతోంది. ఆవిడకు హాయిగా నిద్రపట్టింది. దిగాల్సిన స్టేషను ఇంకొంచెంలో దాటిపోయేదే.

మూడో రోజుకు గాలి పడిపోయింది. పదకొండింటికల్లా సముద్రం కనిపించింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకావిడ తలెత్తి, ఏ ఊరని అడిగింది. పళ్ళావిడ చెప్పింది.

"అమ్మో, అంత దూరం! మొత్తం నువ్వే తొక్కావా?"

అవునందామనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఒక ఇరవై కిలోమీటర్లు రైలు తొక్కిందక్కా."

వలావిడ పగలబడి నవ్వి, కూర్చోమని వల పక్కకు లాగింది. పళ్ళావిడ సైకిలును పడవకు ఆనించి, ఇసుకలో కాళ్ళు బారజాపుకుని, బాబాయికి ఫోను చేసింది.