వదులు గోరు

“ఒక గోరు వదులుగా ఉంచు,” అంది మా అత్తగారు ఎర్సీలియా, తల ఎత్తకుండా పిండి ఒత్తుతూనే.

శనివారం పొద్దున్న. మర్నాటి నిశ్చితార్థం విందుకి మూడు వందల అన్యొలొత్తి కావాలి. ఆవిడ పిండి పల్చగా ఒత్తితే నేను చిటికెడు మాంసం ముద్ద పెట్టి, మడిచి, అంచులు నొక్కుతున్నాను. నొక్కడం ఎప్పుడూ నా పనే. పైన వంటింట్లో పిండి అంచులు, కింద వర్క్‌షాపులో బంగారపు గోళ్ళు. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో నా వేళ్ళు ఏదో ఒకదాన్ని మూసేస్తూనే ఉన్నాయి.

“ఏ గోరు?” అన్నాను.

ఆవిడ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి పిండి పక్కన పెట్టింది. అందులో ఉంగరం, విడిగా ఒక వజ్రం. రేపు నా మరిది లోరిస్, మిర్తా వేలికి తొడగబోయే ఉంగరం.

“రాయిని పట్టుకునే నాలుగు గోళ్ళలో ఒకటి. రాయి ఊడి పడకూడదు సుమా, పరువు పోతుంది. కొద్దిగా కదలాలి. చెవి దగ్గర పెట్టి తడితే టిక్కుమనాలి. అంతే.”

“చెడగొట్టి ఇవ్వడం దేనికత్తయ్యా?”

“చెడగొట్టడం కాదే, పిల్ల ఎలాంటిదో చూడటం. నువ్వు పని నేర్పిన పిల్ల. దాని చెవి గంటలో పట్టేస్తుంది. అప్పుడేం చేస్తుందో చూస్తాను. నలుగురిలో ఎత్తి చూపించిందనుకో, దానికి మన ఇల్లు సరిపడదు, పోయి ఆ పెద్ద కంపెనీలోనే చేరమను. కిక్కురుమనకుండా కిందికెళ్ళి సరిచేసుకొచ్చిందనుకో, అది మనది.”

మిర్తాకి ఇరవై మూడేళ్ళు. రెండు వేసవులు నా బల్ల పక్కన కూచుని రాళ్ళు పొదగడం నేర్చుకుంది. పెద్ద పనులన్నీ మాస్టారే రాత్రిళ్ళు చేస్తారని దానికి చెప్పి ఉంచారు. ఊరి చివరి పెద్ద నగల కంపెనీ వాళ్ళు రమ్మని ఉత్తరం రాశారు. జీతం, బల్ల, ఏడాదికి సెలవులు, అన్నీ ఉన్నాయి అందులో. సోమవారంలోగా జవాబు చెప్పాలి. లోరిస్ మాత్రం, “పరాయి వాళ్ళ దగ్గర చాకిరీ ఏమిటి, మన ఇంట్లోనే బల్ల వేయిస్తాంగా,” అంటున్నాడు. నా భర్త ఫుల్వియో కూడా పదహారేళ్ళ కిందట ఇదే మాట అన్నాడు. అన్నదమ్ములు ఒకరి చొక్కాలు ఒకరు వేసుకున్నట్టు మాటలు కూడా వేసుకుంటారు.

“ఈ పద్ధతి ఎక్కడిది అత్తయ్యా?”

ఆవిడ అప్పుడు తలెత్తింది. మురిపెంగా నవ్వింది. “నీ దగ్గర నేర్చుకున్నదే. నీ ఉంగరం గుర్తులేదూ?”

నా చేతిలో పిండి మడత సగంలో ఆగిపోయింది.

ఎందుకు గుర్తుండదు? నా ఉంగరాన్ని మా మామగారు డెల్మో స్వయంగా పొదిగారు. ఊరంతా ఆయన్ని మాస్టారు అంటుంది. మాస్టారి చేతి ఉంగరం అంటే వేరే మాటే లేదు. విందులో అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ ఏడ్చింది. మా ఊరు మోర్తారా వెళ్ళే బస్సులో, గతుకు వచ్చినప్పుడల్లా నా వేలి మీద ఏదో చిన్నగా టిక్కుమంది. ఇంటికెళ్ళి భూతద్దంలో చూశాను. ఒక గోరు కింద రాయి కూచునే గూడు లోతుగా కోసేశారు. గోరు రాయిని తాకీ తాకకుండా గాలిలో నిలబడింది. నేను చదివిన నగల పని బడిలో మొదటి ఏడాది విద్యార్థి కూడా చెయ్యని తప్పు. నాకు ఆయన మీద కోపం రాలేదు, ఆయన తరఫున సిగ్గేసింది. పెద్దాయన, ఆ రోజు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మరుసటి ఆదివారం వీళ్ళ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, అందరూ టీవీలో సైకిళ్ళ పందెం చూస్తుంటే కిందికెళ్ళి పది నిమిషాల్లో సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషి పరువు కాపాడానని, అది నా గొప్ప మనసని, ఇన్నేళ్ళూ లోలోపల దాచుకుని మురిసిపోయాను. ఈ ఇంట్లో నాకు మాత్రమే తెలిసిన సంగతి అదొక్కటే అనుకున్నాను.

“గిన్నెలు తోముతూ నువ్వు ఉంగరం తీసి గట్టు మీద పెట్టావు,” అంటోంది ఆవిడ. “చెవి దగ్గర పెట్టి తట్టాను. చప్పుడు లేదు! అప్పటికే మీ మామయ్యకి చూపు ఆనడం లేదు. మొండికేసి నీ ఉంగరం ఆయనే చేశారు, పాడు చేశారు. నీకు తొడిగే ముందే తట్టి విన్నాను, టిక్కుమంది. బయట తెలిస్తే ఒక్క ఆర్డరు రాదు. నా బెంగ ఎవరితో చెప్పుకోను? అలాంటప్పుడు నీ ఉంగరం నోరు మూసుకుంది. ఆ సాయంత్రమే ఫుల్వియోతో చెప్పాను, ‘ఒరేయ్, ఈ పిల్ల సరిచేస్తుంది, చెప్పదు. పెళ్ళి తొందరగా పెట్టుకో’ అని.”

ఫుల్వియోతో చెప్పింది.

కిందికెళ్ళాను. ఫుల్వియో మెరుగు చక్రం దగ్గర ఉన్నాడు. చక్రం ఆపమని సైగ చేశాను. ఆపలేదు. గట్టిగా అడిగాను, “నా ఉంగరం సంగతి నీకు అప్పుడే తెలుసా?”

“ఏ ఉంగరం? ఓ, అదా. అమ్మ ఏదో అంది అప్పట్లో.” చక్రం తిరుగుతూనే ఉంది. “ఇప్పుడు తవ్వుతావెందుకు? నీకిష్టమయ్యే చేశావుగా. ఎవరైనా చెయ్యి పట్టుకుని కూచోబెట్టారా?”

ఎవరూ పట్టుకోలేదు, నిజమే. పెళ్ళయిన నెలకి, “ఈ రెండు ఉంగరాలూ చూసిపెట్టు, మాస్టారికి తలనొప్పి,” అన్నారు. తర్వాత ఇరవై. తర్వాత అన్నీ. బేరగాళ్ళు వచ్చినప్పుడు మామగారు తెల్లకోటు తొడుక్కుని నా కుర్చీలో కూచుంటారు, నేను కాఫీ తెస్తాను. నేను మూడు రోజులు కూచుని పొదిగిన హారాన్ని వాళ్ళు వెలుగులోకి ఎత్తి, “మాస్టారూ, మీ చెయ్యి చెయ్యే!” అంటారు. జీతం మాట ఒకసారి ఎత్తాను. “ఇంట్లో మనిషికి జీతం ఏమిటి, ఫ్రిజ్ నిండా తిండి లేదా?” అన్నాడు ఫుల్వియో. హారం వెనక ఒక మూల నా పేరు మొదటి అక్షరం చెక్కనా అని అడిగాను. “నీ ఇంటిపేరు మా ఇంటిపేరేగా, చెక్కే ఉంది,” అన్నాడు. నిరుడు కంటి డాక్టరు భూతద్దం పని సగానికి తగ్గించమన్నాడు. “బల్ల మీద లైటు మారుద్దాంలే,” అన్నాడు. లైటు కూడా మార్చలేదు. ప్రతి మాటా విడిగా చూస్తే చిన్నదే. ఏ ఒక్క గోరూ రాయిని ఒంటరిగా పట్టుకోదు. అన్నీ కలిసి తలా కాస్త వంగుతాయి, రాయి కదల్లేదు.

పైకి వచ్చేసరికి ఎర్సీలియా చివరి అస్త్రం తీసింది. “నీకోసమే కదే ఇదంతా. కళ్ళు లాగుతున్నాయంటావు. ఇంకో జత చేతులొస్తే సగం బరువు దిగుతుంది. ఆలోచించుకో.”

ఆలోచించాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజంగానే ఆలోచించాను. పక్కన ఇంకో బల్ల, ఇంకో దీపం. బేరగాళ్ళు వస్తే కాఫీ తెచ్చేది ఇంకొకరు. నా కళ్ళకి సగం రోజు.

ఆ మధ్యాహ్నం కూచుని పొదిగాను. మూడు గోళ్ళు నిండుగా, నునుపుగా వంచాను. నాలుగో గోరు కింద గూడు వెంట్రుకవాసి లోతు చేసి వదిలేశాను. తప్పు చెయ్యడానికి ఒప్పు చెయ్యడం కంటే ఎక్కువసేపు పట్టింది. వేళ్ళు మాటిమాటికీ వాటంతట అవే నొక్కబోయాయి. ఎర్సీలియా వచ్చి ఉంగరం చెవి దగ్గర పెట్టుకుని తట్టింది. కళ్ళు మూసుకుని విన్నది. “బంగారు చేతులే నీవి,” అంది.

ఆదివారం పది మందిమి బల్ల చుట్టూ. మిర్తా వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. కొత్త టై ఆయన్ని ఊపిరాడనివ్వడం లేదు. లోరిస్ ఉంగరం తొడగ్గానే ఆయన గ్లాసు ఎత్తి, “మాస్టారే స్వయంగా పొదిగారట! మా పిల్ల అదృష్టం కాకపోతే ఏమిటండీ!” అన్నాడు. మామగారు చూపు ఆనని కళ్ళతో గోడకేసి నవ్వారు. ఫుల్వియో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

అన్యొలొత్తి పళ్ళేలు ఖాళీ అవుతుండగా మిర్తా జుట్టు సవరించుకున్నట్టు చెయ్యి చెవి దాకా ఎత్తింది. బొటనవేలి గోటితో ఉంగరాన్ని ఒక్కసారి తట్టింది. ఆమె ముఖంలో ముందు అనుమానం, తర్వాత మాస్టారి వైపు ఒక జాలి చూపు. ఆ చూపు నాకు తెలుసు. అది నాదే.

“చేతులు కడుక్కొస్తాను,” అని లేచింది.

ఎర్సీలియా నా చెవి దగ్గర వంగింది. “వెళ్ళి చూసిరా. నీ బల్ల దీపం వెలిగిందా లేదా, అంతే. వచ్చి తల ఊపు చాలు.”

మెట్లు దిగాను. వర్క్‌షాపు తలుపు సందులోంచి వెలుగు పడుతోంది. మిర్తా నా కుర్చీలో కూచుంది. పండగ గౌను మీద బంగారు రజను రాలి పడే బల్ల కింది తోలు పరుచుకుంది, నా భూతద్దం పెట్టుకుంది, నొక్కే కడ్డీ చేతిలో ఉంది. నేను తల ఊపి వెనక్కి వెళ్ళిపోతే చాలు. నా పని అయిపోయినట్టే.

“అక్కా!” అంది ఉలిక్కిపడి. “భయపెట్టావు. ఎవరికీ చెప్పకు, సరేనా? ఒక గోరు వదిలేశారు, పాపం. పెద్దాయన కదా. రెండు నిమిషాల్లో నొక్కేస్తాను, ఆయనకి తెలియను కూడా తెలియదు.”

“నొక్కకు,” అన్నాను.

“ఏమిటక్కా?”

“సరిచెయ్యకు. అది మాస్టారు చెయ్యలేదు. ఆయన ఏదీ పొదిగి పదహారేళ్ళయింది. అన్నీ నేనే. ఆ గోరు కూడా నేనే వదిలాను, నిన్న.”

మిర్తా భూతద్దం తీసింది. ముఖం పాలిపోయింది. “నువ్వా? నామీద నీకేం కోపం?”

“కోపం కాదు. వదలమన్నారు. చప్పుడు విని నువ్వు దాచిపెడతావో, బయటపెడతావో చూడాలట. దాస్తే ఈ కుర్చీ నీది. నా ఉంగరం కదిలినప్పుడు నేను దాచాను. ఇప్పుడు నేను పైకెళ్ళి తల ఊపాలి. అందుకే పంపారు.”

ఆ పిల్ల తాను కూచున్న కుర్చీని చూసింది, చేతుల కింద అరిగి నునుపెక్కిన బల్ల అంచు చూసింది. నొక్కే కడ్డీని మెల్లగా కింద పెట్టేసి, ఉంగరం మళ్ళీ వేలికి తొడుక్కుంది. “లోరిస్‌కి తెలుసా?” అంది.

“నన్నడక్కు. అతన్నే అడుగు. నేను పదహారేళ్ళు అడగలేదు.”

నా ఉంగరం తీశాను. వేలి మీద తెల్లటి గీత. సన్నటి పట్టకారు అందుకున్నాను. ఆ గోరు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నేను వంచినదే. కొంచెం, కొంచెంగా వెనక్కి లాగాను. చెవి దగ్గర పెట్టి తట్టాను. టిక్. మోర్తారా బస్సులో విన్న చప్పుడే, ఏమీ మారలేదు.

మేం వర్క్‌షాపులోంచి ఎప్పుడు బయటికొచ్చినా చేతులూ చెప్పులూ బ్రష్షుతో దులిపి, అంటిన బంగారు రజను ఇక్కడే వదిలి వెళ్ళాలి. ఈ ఇంట్లో మొదటి నియమం అది. దీపం ఆర్పాను. దులుపుకోకుండా మెట్లెక్కాను.

ఎర్సీలియా నా తల కోసం చూస్తోంది. నేను ఊపలేదు. నేరుగా మామగారి దగ్గరికి వెళ్ళి, ఆయన పళ్ళెం పక్కన నా ఉంగరం పెట్టాను.

“మామయ్యా, రాయి కదులుతోంది. మీరు పొదిగిందే. సరిచేసి ఇవ్వండి.”

“నివెస్, ఇప్పుడా?” అన్నాడు ఫుల్వియో పళ్ళ బిగువున. ఎర్సీలియా వెంటనే నవ్వు తెచ్చుకుంది. “పోనిద్దూ, తర్వాత నువ్వే చూసుకుందువుగాని.”

“నేను చూడనత్తయ్యా. ఇది గానీ, ఇక ఏదీ గానీ.”

మామగారి వేళ్ళు తడుముకుంటూ ఉంగరాన్ని దొరకబుచ్చుకున్నాయి. కళ్ళు పోయాయి గానీ ఆయన చెవి మాస్టారి చెవే. దగ్గర పెట్టుకుని తట్టారు. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

“కదులుతోంది,” అన్నారు. “ఎన్నాళ్ళ నుంచి?”

“మీరు ఇచ్చిన రోజు నుంచి.”

బస్సు డ్రైవరు టై వదులు చేసుకుంటూ తన కూతురి కేసి చూశాడు. ఆమె అప్పటికే నా పక్కన నిలబడి ఉంది. వేలినుంచి ఉంగరం లాగి, మాస్టారి అరచేతిలో నా ఉంగరం పక్కన పెట్టింది.

“ఇదీ వినండి,” అంది మిర్తా.