మెట్ల కింది స్కూటర్

పాత ఇనుము కొనేవాడు తాళ్ళు విప్పుతుంటే, అద్దాలక్క గబగబా కుంటుకుంటూ వచ్చి మెట్ల కింది పాత స్కూటర్ ఎక్కి కూర్చుంది. సీటనేది పేరుకే. ఎలుకలు కొట్టేయగా మిగిలిన స్పంజి, దాని కింద స్ప్రింగులు. గుచ్చుకుంటున్నా కదల్లేదు.

"మనిషితో సహా తూకం వెయ్యమంటారా?" అన్నాడు ఇనుపవాడు.

"లేవవే!" అన్నాడు అన్నయ్య. "రేపు వాషింగ్ మెషీన్ వస్తోంది. ఎక్కడ పెట్టమంటావు?"

"నీ నెత్తిన పెట్టుకో."

వంటింట్లో వదిన నవ్వాపుకోలేక దగ్గింది. ఇనుపవాడు ఖాళీ బండి తోసుకుపోయాడు.

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆవిడది. అందుకే వీధి మొత్తానికి అద్దాలక్క. ఆ స్కూటర్ ఆవిడ సొంత సంపాదనతో కొనుక్కున్నది. చాలా ఏళ్ళ కిందట వానలో ఓ మలుపు దగ్గర దాని మీంచి జారి పడింది. విరిగిన ఎడమకాలు అతుక్కుంది గానీ, చీలమండకి మునుపటి బలం రాలేదు. ఆనాటి నుంచి స్కూటర్ మెట్ల కింద పడుంది; అన్నయ్యే తన బండి మీద పొద్దున దింపుతాడు, సాయంత్రం తీసుకొస్తాడు. ఆయన పని తెమలకపోతే ఆవిడ మూసిన దుకాణం ముందు పడిగాపులు పడాలి. స్నేహితురాలిని చూడాలన్నా ఆయనకి తీరికుండాలి, సినిమాకి వెళ్ళాలన్నా ఆయనకి మనసుండాలి.

ఆ మర్నాడే ఆవిడ వీధి చివరి మెకానిక్‌ని పిలుచుకొచ్చింది. అతను స్కూటర్ చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"సామాను దొరకదక్కా. ఇంకో బండి కొనుక్కో."

"కొనుక్కునేదాన్నయితే నిన్నెందుకు పిలుస్తాను? ఇంజను నువ్వు చూడు. మిగతాది నా తలనొప్పి."

సెలవు రోజులన్నీ మెట్ల కిందే గడిచాయి. పెట్రోలు ట్యాంకులో గుప్పెడు మేకులు వేసి, ఒళ్ళో పెట్టుకుని గిలక్కొట్టి తుప్పు రాలగొట్టింది. సైలెన్సర్‌లోంచి కందిరీగల మట్టిగూడు పెళ్ళలుగా లాగింది. గరుకు కాగితం ముతకది ముందూ, సన్నది తరవాతా పట్టి, అద్దానికి మెరుగు పెట్టే ఓపికతో రేకంతా రుద్దింది. కేబుళ్ళు మార్చింది, సీటు కుట్టించింది. ఇంటినిండా పెట్రోలు వాసన. అన్నయ్య ముక్కు మూసుకుని మెట్లెక్కేవాడు తప్ప పలకరించేవాడు కాదు.

మెకానిక్ ఇంజను బిగించి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఆవిడ ఎడమ మోకాలు సీటు మీద ఆనించి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, కుడికాలితో కిక్ కొట్టింది. కిక్ బిగువే లేకుండా జారిపోయింది. వంగి చూస్తే స్పార్క్ ప్లగ్ ఉండాల్సిన చోట బొక్క.

తిన్నగా అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన టీ తాగుతున్నాడు.

"ప్లగ్గియ్యి."

ఆయన కప్పు కింద పెట్టి, "ఆ రోజు నిన్ను రోడ్డు మీంచి ఎత్తింది నేను. నీ ఎముక బయటికొచ్చి ఉంది. నువ్వు స్పృహలో లేవు, నేనున్నాను. ఇంకోసారి చూడలేనే," అన్నాడు.

ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నీ భయం నాకు తెలుసన్నయ్యా. కానీ దాన్ని నేనెన్నాళ్ళు మొయ్యాలి? విరిగింది కాలు. నువ్వు నన్నే మూల కూర్చోబెట్టావు."

ఆయన ఇవ్వలేదు. ఆవిడ కూడా బతిమాలలేదు. ఎండలో కుంటుకుంటూ వెళ్ళి కొత్త ప్లగ్ కొనుక్కొచ్చి, తనే బిగించింది. రెండు కిక్కులకి ఊరుకుని మూడోదానికి ఇంజను నల్లటి పొగ కక్కి అందుకుంది. వదిన పిడికిలి బిగించి "అదీ!" అంది.

అన్నయ్య పరుగున వచ్చి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "నా మీంచి పోనీ."

"జరుగు."

"జరగను."

"సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. పెట్రోలు అయిపోతే మళ్ళీ పోయించుకుంటాను. నువ్వెంతసేపు నిలబడతావో చూస్తాను."

వదిన వెళ్ళి మొగుడి మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఆమెనీ, చెల్లెల్నీ మార్చి మార్చి చూసి, గేటు మీంచి చెయ్యి తీసేశాడు.

స్కూటర్ వీధిలోకి ఊగుతూ వెళ్ళి, నాలుగిళ్ళు దాటగానే టప్పున ఆగిపోయింది. అన్నయ్య పరిగెత్తబోయాడు. ఆవిడ వెనక్కి చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపింది. దిగి, స్టాండు వేసి, మోకాలు సీటుకి ఆనించి మళ్ళీ కిక్ కొట్టింది. ఇంజను అందుకుంది. వీధి చివర దుకాణానికి దారి ఎడమవైపు. ఆవిడ కుడివైపుకి తిప్పింది.