సబ్బు ప్రకటనకి పెరిగిన సౌండు

నేను ఒక యాభై అయిదు అంగుళాల టీవీని. ఎక్కడో కర్మాగారంలో పుట్టి, ఓడెక్కి, మెల్‌బోర్న్‌లో ఒక అపార్ట్‌మెంటు గోడకి చేరాను. కొన్నవాడు ప్రమోద్. పెళ్ళయి కొత్తగా ఆ దేశంలో దిగిన అతని భార్య హిమజ, కొత్త వస్తువు కదా అని నా మూలకి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టుకి నేను తగను.

నన్ను చూడ్డానికి కొన్నారనుకునేదాన్ని. కూరలో ఉప్పు తగ్గినా, ఆమె వాళ్ళమ్మతో ఫోన్లో కాస్త ఎక్కువ మాట్లాడినా, ప్రమోద్ ముందు రిమోట్ తీసి నా గొంతు చివరిదాకా పెంచేవాడు. ఆ తర్వాతే చెయ్యి లేచేది. ఎంత పద్ధతైన మనిషో చూడండి! ఆమె "అమ్మా" అని అరిచినప్పుడల్లా నేను వంటల పోటీకి చప్పట్లు కొట్టాను, క్రికెట్‌కి కేకలు పెట్టాను. మీట అతని చేతిలోదే, కాదనను. గొంతు మాత్రం నాదే.

పక్కింటి దమయంతి గారు నా గోల భరించలేక బిల్డింగు ఆఫీసుకి ఫిర్యాదు చేశారు. వాళ్ళు ప్రమోద్‌కి హెచ్చరిక పంపారు. "నీ ఏడుపు వల్లే" అని దానికీ హిమజనే కొట్టాడు. అప్పుడూ నేను మోగుతూనే ఉన్నాను.

ఒక ఆదివారం ప్రమోద్ కారు కడగడానికి కిందకి వెళ్ళగానే ఆవిడ వచ్చారు.

"పాటకి పెంచితే సరదా అనుకుంటాం, మ్యాచ్‌కి పెంచితే పిచ్చి అనుకుంటాం. సబ్బు ప్రకటనకి ఎవరు పెంచుతారమ్మా? ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. ఏమనుకోకు."

హిమజ చున్నీ మెడ చుట్టూ సర్దుకుంది. "ఏం లేదాంటీ... బయట చెబితే నా వీసా పోతుందట."

"ఎవరన్నారు?"

"ఆయనే."

"ఆయన అలాగే అంటాడు. మా ఆడవాళ్ళ బృందంలో లాయరమ్మ ఉంది, ఆవిణ్ణి అడుగుదాం. తొందరేం లేదు, నువ్వు ఊ అన్నప్పుడే. ఈలోపు నీ టీవీ అలా మోగిందంటే నేనొచ్చి తలుపు కొడతా."

అన్నట్టే కొట్టారు. ఒకసారి కరివేపాకు కోసం, ఒకసారి ఇద్దరు స్నేహితురాళ్ళతో ఊరికే. లేచిన చేత్తోనే తలుపు తీసి "రండాంటీ" అని నవ్వేవాడు ప్రమోద్. నా గోల అణగడం నాకు ఎంత హాయిగా ఉండేదో.

చివరికి హిమజ ఊ అంది. ఇల్లు విడిచి వెళ్ళి, మర్నాడు పోలీసులతో, దమయంతి గారితో వచ్చి పాస్‌పోర్టు, బట్టలు తీసుకుంది. వెళ్తూ నా ముందు ఆగింది. పగలగొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె మీట నొక్కి నన్ను ఆపేసి వెళ్ళిపోయింది.

ప్రమోద్ ఇల్లు ఖాళీ చేసి నన్ను చెత్తడబ్బాల పక్కన వదిలేశాడు. వానలో తడిశాను. ఇద్దరు తెలుగు విద్యార్థులు జాలిపడి గదికి మోసుకెళ్ళి ప్లగ్గు పెట్టి చూశారు.

"బొమ్మ పోయింది రా," అన్నాడొకడు. "సౌండ్ మాత్రం అదిరిపోతోంది."

పోవలసింది అదే కదా, అనుకున్నాను.