రికార్డు రెండో వైపు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం: నాన్న, అమ్మ, మామ్మ, లోరిస్ అన్నయ్య, దిల్వా వదిన, నేను, పందులు కోసే అదెల్మో తాత, ఇంకా పంది. ఉదయం ఏడున్నర దాకా అదీ ఉంది కాబట్టి లెక్కలో వేశాను. ఏడాది పొడుగునా దానికి కుడితి పోసింది నేనే. మధ్యాహ్నం భోజనానికి ఎర్మెస్ వస్తాడని అన్నయ్య ముందే చెప్పాడు. ఎర్మెస్, అన్నయ్య ఒకే పెంకుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అతను వచ్చేది మాంసం కోసమే కాదు. మూడు వారాల కిందట అన్నయ్యకి ఇచ్చిన మూడు రికార్డులు వెనక్కి తీసుకెళ్ళడానికి. సోమవారం సైన్యంలో చేరుతున్నాడు. చేరేముందు వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాడట.

అందులో మూడో రికార్డు రెండో వైపు చివరిదాకా వినాలి. ఆ రోజు నాకు కావలసింది అంతే. జరిగి మూడు రోజులయ్యాక రాస్తున్నాను. రాస్తుంటే ఎంత చిన్న కోరికో అనిపిస్తోంది. ఇరవై రెండు నిమిషాలు.

నాకు పదహారేళ్ళు. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది. పొద్దున ఇంటిపని, మధ్యాహ్నం నుంచి కార్పి ఊరి ఫ్యాక్టరీ వాళ్ళు పంపే స్వెట్టర్లకు చేతులు కుట్టడం, ఆదివారం చర్చిలో హార్మోనియం. "నువ్వు వాయిస్తున్నావని ఎవరికీ తెలియకూడదమ్మా, పాట మాత్రమే వినపడాలి, మంచిగా వాయించడమంటే అదే" అంటారు ఫాదర్ గారు. ఆరేళ్ళుగా ఎవరికీ తెలియకుండానే వాయిస్తున్నాను. కానీ శనివారం చర్చి తుడవడానికి వెళ్ళినప్పుడు, లోపల ఎవరూ లేకపోతే, పక్కపక్కనున్న రెండు కీలు, బాగా కింది స్వరాలవి, ఒకేసారి నొక్కి వదలకుండా పట్టుకుంటాను. రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. కిటికీ అద్దాలు వణుకుతాయి. అప్పుడు నాలో ఎప్పుడూ తిరుగుతూ ఉండేదేదో ఒకచోట కూర్చుంటుంది. పాపసంకీర్తనంలో చెప్పాలనుకున్నాను. దీన్ని ఏ పాపం కింద చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

మూడు వారాల కిందట అన్నయ్య గదిలోంచి, గోడ అవతల నుంచి, అవే రెండు స్వరాలు వినపడ్డాయి. నేను నాన్న చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది. కాలర్ మీద గోధుమరంగు మచ్చ పడింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అంది అమ్మ. ఎక్కడో ఎవరో నేను దొంగచాటుగా చేసే పనిని పదిమంది ముందు, కరెంటు పెట్టి, పెద్ద చప్పుడుతో చేస్తున్నారు. దాన్ని రికార్డు చేసి అట్టలో పెట్టి అమ్ముతున్నారు కూడా. ఈ సంగతి ఎవరితో చెప్పను?

మొదటి బ్యాండు పేరు పోజ్జో నేరో. ఆ పేరు విని మామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "దొడ్డి వెనక పెంటగుంట పేరు పెట్టుకున్నార్రా! పాటలోంచి కూడా అదే వాసన వస్తోందిలే." రెండో బ్యాండు స్వీడన్ వాళ్ళది. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ అందులో పిల్లనగ్రోవి, తలుపు వెనక దాక్కున్న మనిషి ఊపిరిలా ఉంటుంది. మూడో రికార్డు అట్టమీద తీగ మీద ఆరేసిన దుప్పటి, దాని వెనక ఎవరో నిలబడ్డ నీడ. బ్యాండు పేరు 'ఏడో గది'. వాయించినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. రెండో వైపంతా ఒకటే పాట. ఐదు అడుగులు వేశాక ఆరో మెట్టు ఉండాల్సిన చోట ఉండదు, కాలు గాల్లోకి పోతుంది, మళ్ళీ ఐదు అడుగులు. తాళం అలా నడుస్తుంది. నేను బట్టలు పిండేటప్పుడు ఆ లెక్కలోనే పిండుతున్నాను. సగం అయ్యాక ఒక ఆడగొంతు మొదలవుతుంది, మాటలుండవు. సరిగ్గా అక్కడే అన్నయ్య ముల్లు ఎత్తేస్తాడు. "చాలు బాబూ, ఇది వింటే అన్నం సహించదు" అని డాన్సు పాటలు పెట్టుకుంటాడు.

"అన్నయ్యా, ఒక్కసారి చివరిదాకా ఉంచవా?" అని తలుపు దగ్గర నిలబడి అడిగాను.

"నీకేం అర్థమవుతుందే? ఆడపిల్లలు వినేవి కావివి. వెళ్ళి నీ స్వెట్టర్లు కుట్టుకో."

తనకి తెలిసింది సగమే. తెలియని సగానికి కూడా తనే యజమాని. ఆ రికార్డు ప్లేయరు మీద దుమ్ము తుడిచేది నేను. మూత ఎత్తకూడదు, పైనుంచి తుడవాలి.

పంది కోసిన రోజు ఎవరి పనులు వాళ్ళవే. మగవాళ్ళు పట్టుకుంటారు, అదెల్మో తాత కోస్తాడు, అందరూ కలిసి వేలాడదీస్తారు. ఆ తర్వాత నాన్నా అన్నయ్యా వాకిట్లో మంట దగ్గర నిలబడి వైను తాగుతూ, అది ఎంత బరువు తూగిందో సాయంత్రం దాకా వాదించుకుంటారు. పేగులు కడిగేది అమ్మా, మామ్మా. ఉప్పూ మిరియాలూ వేసిన మాంసం పిసికేదీ, తాత పేగుల్లో కూరి ఇస్తే, ఏడాదంతా తినడానికి ఆరబెట్టే ఆ సలామీలకు దారం కట్టేదీ నేను. నా వేళ్ళు సన్నం. ఈసారి వదినకి వంట ఒక్కటే అప్పజెప్పారు. వదిన నీళ్ళోసుకుంది. పెళ్ళయిన మూడేళ్ళకి. కాఫీ వాసన పడక మొహం తిప్పుకుంటే మామ్మ ఇట్టే పట్టేసింది, పట్టేసి ఊరంతా చెప్పింది. నాన్న అటక మీంచి పాత ఉయ్యాల దింపి రంగు వేశాడు.

బయట చేరిన ఆడది ఉప్పు పట్టించిన మాంసాన్ని ముట్టుకుంటే ఆ ఏడాది సలామీలన్నీ కుళ్ళిపోతాయి. ఈ సంగతి నాకెవరూ చెప్పినట్టు గుర్తులేదు. అయినా తెలుసు. పొయ్యి రాజెయ్యొచ్చు, నీళ్ళు మొయ్యొచ్చు, మాంసం కలిపే గది గడప మాత్రం దాటకూడదు. గడప దగ్గర నిలబడి ఒక్క మాట చెబితే చాలు, ఎవరూ ఎదురడగరు. ఆడదాని మాటని అడగకుండా నమ్మే విషయం మా ఇంట్లో అదొక్కటే. దాన్నే వాడుకున్నాను.

పదిన్నరకి అదెల్మో తాత మాంసం కొడుతున్నాడు. నేను గడప అవతల నిలబడి, "మామ్మా, నేను బయట చేరాను" అన్నాను.

కత్తి ఆగింది. తాత గోడవైపు తిరిగి లేని పనేదో వెతుక్కున్నాడు.

"ఇవాళేనా? నీకింకో రోజు దొరకలేదా పిల్లా?" అంది మామ్మ. "ఆ పంది నయం, చెప్పిన టైముకి చచ్చింది."

"కడుపునొప్పి కూడా."

"పో, పైకి పోయి పడుకో. ఏయ్, గుమ్మం పక్కనున్న ఆ ఉప్పుగిన్నె మీంచి చెయ్యి తియ్యి!"

"మరి దారం ఎవరు కడతారు?" అంది అమ్మ, పేగుల మీంచి తల ఎత్తకుండా.

"దిల్వా లేదూ? కడుపుతో ఉన్నదాని చెయ్యి పడితే మాంసానికి మరీ మంచిది. అమ్మాయ్ దిల్వా, కూర మీ అత్త చూసుకుంటుంది. ఆ మాంసం కొట్టడం అయ్యేసరికి నువ్వు చేతులు కడుక్కుని రా."

నా వెనక వంటింట్లో వదిన పొయ్యి దగ్గర గరిట పట్టుకుని ఉంది. నేనామె మొహం చూడలేదు. మెట్లు చూశాను.

అన్నయ్య గదిలో మూత ఎత్తాను. ముల్లు ఒకసారి జారింది. చప్పుడు తగ్గించి పెట్టాను. కింద కత్తి చప్పుడు, వాకిట్లో నాన్న నవ్వు, వాటి కింద నా పాట. ఐదు అడుగులు, లేని మెట్టు. ఐదు అడుగులు. ఆర్గన్ కింది స్వరాలు నేల మీద పాకుతూ వచ్చి నా మడమలు పట్టుకున్నాయి. భయమేసింది. ఆ భయం బాగుంది. ఇంట్లో రోజూ నాకుండే భయం వేరు, అది ఎవరు ఏమంటారోనని. ఈ భయంలో ఎవరూ ఏమీ అనరు, వెళ్ళి చూడు అంటారు అంతే. తర్వాత ఆ ఆడగొంతు మొదలైంది. అన్నయ్య ముల్లు ఎత్తే చోటు వచ్చింది, దాటిపోయింది. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆ గొంతు ఏడవదు, పాడదు. ఒకసారి అమ్మ వెనక్కి తిరిగి గిన్నెలు తోముతూ పళ్ళు బిగించి ఒక చప్పుడు చేసింది. నేను వెనకే ఉన్నానని చూసుకోలేదు. అదే చప్పుడు. దాని చుట్టూ డ్రమ్ములూ గిటార్లూ పెట్టారు. పెట్టినవాళ్ళు దాన్ని తగ్గించలేదు, సర్దలేదు, ఊరుకోమ్మా అనలేదు.

తలుపు తెరుచుకుంది. వదిన. చేతిలో గుడ్డ చుట్టిన వేడి ఇటుక.

"మామ్మగారు పంపారు. పొట్ట మీద పెట్టుకోమన్నారు."

నేను ముల్లు ఎత్తబోయాను.

"ఆపకు" అంది వదిన.

మంచం మీద కూర్చుంది. ఆ ఇటుక ఒళ్ళో పెట్టుకుని తనే రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుంది. కాసేపు విని, "ఎవరావిడ?" అంది.

"తెలీదు. పేర్లు రాయలేదు."

"ఆవిడకేమైంది?"

"అదీ తెలీదు వదినా."

ఇంకాసేపు వింది. నావైపు చూడకుండా, "నీకు రాలేదు కదూ" అంది.

నేను రికార్డు అట్టని ఒళ్ళోకి లాక్కున్నాను.

"పదిరోజుల కిందట నీ గుడ్డలు ఆరేసింది నేనే, నీవెస్. నాకొచ్చింది. ఇవాళ పొద్దున, పంది అరుస్తుంటే."

అప్పుడు చూశాను ఆమె మొహం. ఏడవడం లేదు. పెదాలు మాత్రం పిండి అద్దినట్టున్నాయి.

"చెప్పెయ్యి వదినా."

"ఎవరికి చెప్పను? ఉయ్యాలకి వేసిన రంగు ఇంకా ఆరలేదు." కొంచెం నవ్వింది. "పోయినేడు ఇలాగే అయితే మీ అన్నయ్య భోజనాల దగ్గర అందరి ముందూ ఏమన్నాడో గుర్తుందా? కాయని చెట్టుని రెండేళ్ళు చూస్తాం, మూడో ఏడు గొడ్డలి చూపిస్తాం అన్నాడు. మీ నాన్నగారికి పొలమారేదాకా నవ్వొచ్చింది. నేను కూడా నవ్వాను. నువ్వూ నవ్వావు."

నవ్వాను. నిజమే. అందరూ నవ్వుతుంటే నవ్వకుండా ఉండటం నాకు చేతకాదు.

"ఈ పంది పని అయిపోయాక, మామ్మగారు ఒక్కరూ ఉన్నప్పుడు నెమ్మదిగా చెబుదామనుకున్నా. వంటింట్లో ఉంటే ఎవరికీ ఏ చెడూ జరగదనుకున్నా. ఇప్పుడు చూడు, ఆ మాంసంలో చేతులు పెట్టమంటున్నారు."

"నిజంగా కుళ్ళిపోతుందంటావా?"

"నాకేం తెలుసు? మా అమ్మ ఎప్పుడూ ముట్టుకోలేదు. వాళ్ళమ్మా ముట్టుకోలేదు. ముట్టుకుని చూసినవాళ్ళెవరున్నారు?" అని ఆగింది. "కుళ్ళితే మాత్రం అందరూ వెనక్కి లెక్కేస్తారు. ఆ రోజు ఎవరి చేతులున్నాయి అని."

"దిల్వా! ఇటుక ఇచ్చి రమ్మంటే దాంతో ఇల్లు కట్టి రమ్మన్నామా!" కింద నుంచి మామ్మ కేక.

వదిన లేచింది. ఇటుక మంచం మీద పెట్టింది. "నువ్వొచ్చి అబద్ధమాడానని చెబితే..." అని, మాట పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయింది. అడగడం కూడా కాదు అది.

రికార్డు ఇంకా తిరుగుతోంది. ముల్లు నుంచి లోపలి అంచుకి వేలెడు వెడల్పు మిగిలింది. ఐదారు నిమిషాలు ఉండొచ్చు. ఆ ఐదారు నిమిషాలూ కూర్చుని విని ఆ తర్వాత వెళ్ళొచ్చు కదా అనుకున్నాను. అనుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అనుకున్నాను. తర్వాత లేచాను. రికార్డుని అలాగే తిరగనిచ్చి మెట్లు దిగాను. దాని చివర ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. దిగేటప్పుడు ఒకటే ధైర్యం చెప్పుకున్నాను: ఒక చెంపదెబ్బ, మహా అయితే రెండు.

మాంసం గది తలుపు తీసి గడప ఇవతలే నిలబడ్డాను. బల్ల మీద ఎర్రగా, పెద్ద కుప్ప. ఉప్పూ మిరియాలూ చల్లేశారు. వదిన చేతులు మోచేతుల దాకా కడుక్కుని నిలబడి ఉంది.

"మామ్మా, అబద్ధం చెప్పాను. నాకేం రాలేదు. నేనే పిసుకుతాను, దారం కూడా నేనే కడతాను."

"ఏమన్నావు?"

"పైన పాట వినాలని అలా చెప్పాను."

అమ్మ చేతిలో పేగు నీళ్ళలోకి జారిపోయింది. అదెల్మో తాత నవ్వేశాడు. "పాట కోసమా! నలభై ఏళ్ళుగా పందులు కోస్తున్నా, ఇదెక్కడా వినలేదు."

మామ్మ నవ్వలేదు. నెమ్మదిగా, పిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఇందాక వచ్చిందన్నావు. ఇప్పుడు రాలేదంటున్నావు. ఇప్పటి మాట నమ్మి నీ చెయ్యి పెట్టనిచ్చాక ఇందాకటి మాటే నిజమైతే, వచ్చే జనవరి దాకా ఈ ఇల్లు ఏం తింటుంది? నీ పాటలా?"

"కావాలంటే అమ్మని చూడమను."

"ఒకసారి నోటితో అన్నాక చూసేదేం లేదు. ఆ మాట ఊరికే అనేది కాదు. నీకు తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో. నాలుగు రోజులు ఈ గడప తొక్కకు. నడువు."

"మామ్మా, నిజంగా..."

"నడవవే!" అంది అమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

నా దగ్గర ఇంకొక్క మాట మిగిలింది. అది చెబితే వదిన ఆ బల్ల దగ్గర నిలబడక్కర్లేదు. అది చెబితే వదినకి ఇక ఈ ఇంట్లో ఎక్కడా నిలబడే చోటుండదు. రెండూ ఒకే మాట. ఏది ఎక్కువ చెడో పదహారేళ్ళదాన్ని నేనెలా తేల్చను? అయినా నోరు తెరిచాను. "మామ్మా, వదినకి..." అన్నాను.

అందరూ నావైపే చూస్తున్నారు. వదిన చూడలేదు. అప్పటికే రెండు చేతులూ ఆ కుప్పలో పెట్టేసింది, మణికట్ల దాకా. ఒకసారి పిడికిళ్ళు బిగించి వదిలింది. తర్వాత చేతులు పైకి తీసి, బట్టలకు తగలకుండా ఎడంగా పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. వేళ్ళ మీద మిరియాలు అంటుకుని ఉన్నాయి.

"చలిగాలి వస్తోంది, నీవెస్" అంది, చంటిపిల్లతో అన్నట్టు మెత్తగా. అని వెనక్కి తిరిగి, చేతులు ఖాళీ లేవు కాబట్టి, మడమతో తలుపు నెట్టి మూసేసింది.