మందు కాని మాత్ర

తిరింగోకి మెడ వాపు కొత్తేమీ కాదు. గొందార్ చుట్టుపక్కల కొండల్లో పుట్టిన ఆడవాళ్ళలో చాలామందికి ఉన్నదే. చిన్నప్పుడే తల్లి ఆమె మెడ చుట్టూ వరసగా పచ్చబొట్లు పొడిపించింది. అందానికి అందం, వాపుకి వైద్యం. వాపు మాత్రం ఆ పచ్చబొట్లను ఖాతరు చెయ్యలేదు.

ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. రక్తపరీక్షలో ఆమె థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తున్నట్టు తేలింది. ఇలాగే ఉంటే చివరికి ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చని, దానివల్ల ఒక్కోసారి గొంతు బొంగురుపోతుందని డాక్టర్ హిరుత్ దాచకుండా చెప్పింది.

పేటలో ఎవరు పోయినా శోకం ఎత్తుకునేది తిరింగోయే. ఆమె మొదలుపెడితే, చచ్చినవాడికి బాకీపడ్డవాడు కూడా ఏడ్చేవాడు. ఆ గొంతే పోతే ఇక ఆమెకు మిగిలేదేమిటి?

"మెడ వాపు చాలదని చెవి కింద గవదలన్న సామెత నీకే సరిపోయింది," అని తోడొచ్చిన పక్కింటి శెవాయె నిట్టూర్చింది. "పోనీలే వదినా, నీ గొంతు పోతే మన పేటలో చావడానికే జనం జంకుతారు."

"నోర్ముయ్యవే! నా ఏడుపు నాది, నీ వేళాకోళం నీది."

డాక్టర్ నాడి పట్టుకుని చూసింది. చేతులు చాపించి చూసింది. వణుకు లేదు.

"చిత్రంగా ఉందమ్మా. కాగితం చూస్తే గుర్రంలా పరుగెడుతోంది, నువ్వేమో గాడిదలా నింపాదిగా ఉన్నావు. మందులేమైనా వాడుతున్నావా?"

తిరింగో మొహం జేవురించింది. అక్కడ మందంటే రోగానికి వేసుకునేదే కాదు, గిట్టనివాళ్ళకు పెట్టేది కూడా.

"మరియమ్మ తల్లి మీద ఒట్టు! మందు పెట్టేవాళ్ళ గడప నేనెన్నడూ తొక్కలేదు."

"ఆ మందు కాదు తల్లీ! నోట్లో వేసుకునేది. మాత్రో, పొడో, ఏదైనా సరే."

తిరింగో తలమీది తెల్లగుడ్డ సర్దుకుంది. భర్త పోయినప్పుడు ఆచారం ప్రకారం తీయించుకున్న జుట్టు మళ్ళీ సరిగా మొలవలేదు. అడిస్ అబాబా నుంచి వచ్చిన చెల్లెలి కూతురు ఒక మాత్రల డబ్బా చేతిలో పెట్టి వెళ్ళింది. మొగుడు పోయినదానికి జుట్టు మోజేమిటని నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. ఉపవాసాల్లో వేసుకోవచ్చా అని సందేహం వచ్చినప్పుడు, ఇది తిండీ కాదు, మందూ కాదని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

ఇప్పుడు చెబితే శెవాయె వింటుంది. చెప్పకపోతే గొంతుకే ముప్పు. దేవుడు ఒక్కోసారి మన సిగ్గునే కానుకగా అడుగుతాడు కాబోలు అనుకుంది.

"జుట్టుకని... ఒక మాత్ర," అంది నేల చూస్తూ.

డాక్టర్ నవ్వేసింది. "అందులో బయోటిన్ అనే విటమిన్ ఉంటుందమ్మా. అది నీ థైరాయిడ్‌నేమీ చెయ్యదు గాని, మా పరీక్షను తప్పుదారి పట్టించి ఉంటుంది. వారంపాటు ఆపి మళ్ళీ రా."

తీరా ఇంటి గుమ్మం దగ్గర శెవాయె మెల్లగా, "వదినా, ఆ డబ్బా పారెయ్యకు. నా జుట్టూ రాలుతోంది," అంది.

ఆ వారమంతా తిరింగో మాత్ర ముట్టలేదు. పొద్దున్నే మరియమ్మ గుడికి వెళ్ళి తీర్థం మాత్రం పుచ్చుకుంది.

రెండో పరీక్ష కాగితం చూసి డాక్టర్ కళ్ళజోడు తీసింది. "నీ థైరాయిడ్ భేషుగ్గా ఉందమ్మా. ఎప్పుడూ బాగానే ఉంది. వాపు సంగతి ఏడాదికోసారి చూద్దాం. అయోడిన్ ఉప్పు వాడు. ఆపరేషన్ మాట మరిచిపో."

తీర్థం మహిమా, మాత్ర మానిన ఫలితమా? తిరింగో కాసేపు ఆలోచించింది. ఆ రోజు తన నోట నిజం పలికించినవాడు మాత్రం ఆ దేవుడే కదా అని సరిపెట్టుకుంది.

బయటికి రాగానే గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళూ చావులకే అలవాటుపడ్డ ఆ గొంతులోంచి, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ తీసే ఇలిలిలి కేక ఒకటి ఆసుపత్రి వరండా అదిరేలా లేచింది.

"మెల్లగా వదినా! లోపల ఎవరికో పెళ్ళనుకుంటారు!" అంది ఈసారీ తోడొచ్చిన శెవాయె, నవ్వు ఆపుకోలేక.

తిరింగో నిండా ఊపిరి తీసుకుని ఇంకోసారి ఎత్తుకుంది.