పోపు పెట్టేముందు కిటికీ తెరవాలి

సుకీర్తి రోజూ కొంచెం కొంచెంగా తన సూట్‌కేసులోకి వెళ్లిపోతోంది. ఇవాళ్టికి నడుము దాకా వెళ్లింది.

తణుకు నుంచి ఈ ఊరొచ్చి ఆమెకింకా నెల నిండలేదు. నా పక్క గదే ఆమెది. నేను వచ్చి ఏడాది దాటింది కాబట్టి, కొత్తగా వచ్చే మనవాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పే పని యూనివర్సిటీ వాళ్లు నాకు అప్పజెప్పారు. నిజం చెప్పాలంటే అప్పజెప్పకపోయినా చెప్పేదాన్నే. సలహాలివ్వడమంటే నాకు ప్రాణం.

తలుపు తట్టి లోపలికి వెళ్తాను. సుకీర్తి నేలమీద తెరిచిపెట్టిన సూట్‌కేసులో కూర్చుని ఉంది. కాళ్లు చక్కగా మడతపెట్టుకుని, పక్కల్లో ఖాళీ లేకుండా సాక్సులు దోపుకుంది. సర్దడం వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నట్టుంది, పనితనం తెలుస్తోంది. ఇబ్బందిగా ఉందా అని అడిగితే లేదంటుంది. ఈ ఊరు మొత్తంలో ఇంటి వాసన ఇక్కడొక్కచోటే ఉందట, అందుకని కూర్చుందట.

నేను మంచం మీద కూర్చుని నా పని మొదలుపెడతాను. చలికోటు ఇక్కడే కొనుక్కో, మన దగ్గర కొన్నవాటిని చూసి ఈ చలి నవ్వుకుంటుంది అంటాను. పాస్‌పోర్టు జిరాక్సులు రెండు చోట్ల దాచుకో. క్లాసులో ముందు వరసలో కూర్చుంటే వాళ్ల యాస తొందరగా పట్టుబడుతుంది. దారిలో ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే అది ఉత్త పలకరింపే, ఆగి నిజం చెప్పడం మొదలుపెట్టకు. అన్నిటికన్నా ముఖ్యం, పోపు పెట్టేముందు వంటగది తలుపు మూసి కిటికీ తెరువు. లేకపోతే ఫైర్ అలారం మోగి బిల్డింగంతా రోడ్డు మీదికొస్తుంది.

సుకీర్తి బుద్ధిగా తలూపుతుంది. ఒక్కో సలహాకీ వేలెడంత లోపలికి జారుతుంది. నేను మాట్లాడటం ఆపేస్తే జారడం కూడా ఆగుతుంది.

నాకు భయం వేస్తుంది. పోయినేడాది పై అంతస్తులో ఒకబ్బాయి ఇలాగే వెళ్లాడు. తల కూడా లోపలికెళ్లాక జిప్పు దానంతటదే మూసుకుంది. పొద్దున్నే సూట్‌కేసు ట్రామెక్కి విమానాశ్రయానికి వెళ్లిపోయింది. క్షేమంగానే ఇల్లు చేరింది గాని, ఆ జిప్పు ఇప్పటికీ ఎవరు లాగినా రావడం లేదు. వాళ్లింట్లో దాన్ని సోఫా పక్కన పెట్టుకుని, పండగలకి దానిక్కూడా కొత్త బట్టలు కొంటున్నారు.

సుకీర్తికి ఈ సంగతి చెప్పను. చంకల కింద చేతులు వేసి పైకి లాగుతాను.

"లాగకక్కా, నలిగిపోతాను. అమ్మ ఇస్త్రీ చేసి పంపింది," అంటుంది.

అది సబబుగానే ఉంది. వదిలేసి నా గదికి వస్తాను.

నా సూట్‌కేసు అల్మరా మీద ఉంది. విమానాశ్రయంలో బెల్టు మీద తిరుగుతుంటే గుర్తుపట్టడానికి అమ్మ హ్యాండిల్‌కి కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా అలాగే ఉంది. వచ్చిన రోజు సామాను తీసుకుని మూసేశాను, మళ్లీ తెరవలేదు. అప్పుడప్పుడు అందులో ఎవరో దగ్గుతారు. చలికి సామాన్లు కూడా దగ్గుతాయి కాబోలని నేను పట్టించుకోను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం వెళ్లి చూస్తే సుకీర్తి మెడ దాకా వెళ్లిపోయింది. గడ్డం సూట్‌కేసు అంచు మీద ఆనించుకుని కిటికీలో మంచు చూస్తోంది. జిప్పు తల ఆమె చెవి పక్కన చిన్నగా కదులుతోంది. ఏదైనా చెబుదామని నోరు తెరుస్తాను. ఏం చెప్పినా ఇంకో వేలెడు జారుతుంది. నోరు మూసుకుని వంటగదికి వెళ్తాను.

ఉదయం నుంచీ పప్పుచారు సన్నని సెగ మీద మరుగుతోంది. తలుపు బార్లా తెరిచి పెడతాను. కిటికీ మూసి గడియ వేస్తాను. బాణలిలో నూనె పొగలు కక్కేదాకా ఆగి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, చివర్న కరివేపాకు వేస్తాను. పొగ వరండా పట్టుకుని గదిగదికీ వెళ్లి వస్తుంది. అలారం మోగుతుంది.

అలారం మోగితే లోపల ఎవరూ ఉండకూడదు. ఈ ఊళ్లో నియమమంటే నియమమే, బిల్డింగు కూడా ఉండదు. మేం దిగిపోయాక, మెట్లని కుచ్చిళ్లలా ఎత్తిపట్టుకుని అది కూడా బయటికొచ్చి ట్రాం పట్టాల పక్కన నిలబడుతుంది. చలికి దాని కిటికీలు టకటకా కొట్టుకుంటాయి.

అందరూ కోట్లు వేసుకుని మంచులో నిలబడ్డారు. నైజీరియా టుండే చేతిలో కంచం కూడా ఉంది, నా పోపు వెనకే భోజనం ఉంటుందని అతనికి తెలుసు. మా వార్డెన్ పేరు మార్తా, మేం మార్తమ్మ అంటాం. ఆమె అందరినీ లెక్కపెట్టుకుని, ఇద్దరు తగ్గారు, వాళ్లు వచ్చేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు అంటుంది. తగ్గింది ఒక్కరే అని నేను చెబుతాను. తన లెక్క తప్పదంటుంది.

ఎవరూ విసుక్కోరు. టుండే కంచంలో మంచు పడుతుంటే దులుపుకుంటున్నాడు. నేను మాత్రం గుమ్మం మీంచి చూపు తిప్పను. ఆ పిల్ల రాకపోతే రేపు పొద్దున్న ట్రాంలో ఆ సూట్‌కేసు ఎదురుపడుతుంది, దాని మొహం చూడటం నా వల్ల కాదు.

గుమ్మంలో సుకీర్తి సూట్‌కేసు కనిపిస్తుంది. ఒక్కో మెట్టూ దిగి, చక్రాల మీద దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగుతుంది. జిప్పు పూర్తిగా మూసుకుని ఉంది.

నేను మంచులో మోకాళ్ల మీద కూర్చుంటాను. లోపల్నుంచి గొంతు వస్తుంది.

"దేనికి పెట్టావక్కా పోపు?"

"పప్పుచారుకి."

"ఇంగువ వాసన రావట్లేదు."

"వెయ్యలేదు. నాది అయిపోయి ఏడాదైంది."

జిప్పు తల కొంచెం నా వైపు తిరుగుతుంది.

"ఏడాదిగా ఇంగువ లేకుండానే తింటున్నావా?"

అలవాటైపోయిందని చెబుతాను. చెప్పాక నా మీద నాకే జాలి వేస్తుంది. ఇన్ని సలహాలు చెప్పాను గాని, ఈ ఒక్క సంగతీ ఎవరికీ చెప్పలేదు.

జిప్పు లోపల్నుంచి తెరుచుకుంటుంది. ముందు ఇంగువ డబ్బా వస్తుంది, దాని వెనక చెయ్యి, చేతి వెనక భుజం. సుకీర్తి మడతలు విప్పుకుంటూ మొత్తం బయటికొచ్చి, సాక్సుల్లో మంచు మీద నిలబడుతుంది. ఇంగువ లేని పప్పుచారు ఎవరైనా తింటారా అని నన్ను కేకలేస్తుంది. నా కోటు తీసి ఆమెకు వేస్తాను. వంగి ఒళ్లంతా చూస్తాను, ఎక్కడా నలగలేదు.

"ఇంకొకరు," అంటుంది మార్తమ్మ.

బిల్డింగులోంచి దగ్గు వినిపిస్తుంది. ఎర్ర రిబ్బను కట్టిన నా సూట్‌కేసు మెట్లు దిగుతోంది. ఏడాదిగా కదలకపోవడంతో చక్రాలు కీచుమంటున్నాయి. నా ముందుకొచ్చి ఆగుతుంది. ఇప్పుడు తెరవక తప్పదు. జిప్పు మొరాయిస్తే సుకీర్తి ఓ పక్క పట్టుకుంటుంది, నేనో పక్క లాగుతాను.

లోపల నేనే ఉన్నాను. పోయినేడాది నేను. అమ్మ అల్లిన స్వెట్టరు వేసుకుని, మోకాళ్లు కావలించుకుని ఉన్నాను. వచ్చిన రోజు ఏడ్చేదాన్ని ఇందులో సర్దేసి, పనికొచ్చేదాన్ని మాత్రం బయట ఉంచుకున్నట్టున్నాను.

లోపలి పిల్ల నన్ను గుర్తుపట్టదు.

"అక్కా, చలి తగ్గిందా?" అని అడుగుతుంది.

నాకు ఏడుపొస్తుంది. ఆపుకోను.

"తగ్గలేదురా. ఇక్కడ తగ్గదు. రా, కలిసి ఉందాం," అంటాను.

ఆమె వస్తుంది. సుకీర్తి నా కోటు సగం విప్పి ఆమె మీద కప్పుతుంది. ముగ్గురం ఒకే కోటులో నిలబడతాం, అది పట్టేంత పెద్దదని ఇన్నాళ్లూ నాకు తెలియదు. మార్తమ్మ తలూపుతుంది. ఆమె లెక్క సరిపోయింది.

ఇక లోపలికి వెళ్లొచ్చంటుంది. కాని బిల్డింగు రాదు. పుట్టినప్పట్నుంచీ ఉన్నచోటు వదిలి అది ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి. ఎటు చూసినా కొత్తగా ఉందట. కిటికీలన్నీ చెమ్మగిల్లాయి.

సుకీర్తి దాని దగ్గరికెళ్లి గోడ నిమురుతుంది. మొదట్లో ఇలాగే ఉంటుంది, ఏం కాదు అంటుంది. కాసేపు కూర్చోవాలనుంటే కూర్చోమని ఖాళీ అయిన తన సూట్‌కేసు చూపిస్తుంది. బిల్డింగు మొదట తన మెట్లు లోపల పెడుతుంది, తర్వాత ఒక్కో అంతస్తూ మడతపెట్టుకుని, పక్కల్లో పరదాలు దోపుకుని, పైకప్పుతో సహా లోపలికి సర్దుకుంటుంది. ఎత్తి చూస్తాను, పెద్ద బరువేం లేదు.

నేను జిప్పు వేయబోతుంటే సుకీర్తి నా చెయ్యి పట్టుకుంటుంది. డబ్బా మూత తీసి, రెండు వేళ్లతో చిటికెడు ఇంగువ ఆ సందులోంచి లోపలికి జారవిడుస్తుంది. టుండే కంచం తుడుచుకుని దగ్గరికొస్తాడు.

"కొంచెం తెరిచి ఉంచక్కా, లోపల పప్పుచారు పొయ్యి మీదే ఉంది," అంటుంది సుకీర్తి.